ఆస్టిన్ పోటీలలో మంగోలులు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో టెక్సాసు రాష్ట్రపు రాజధానియగు ఆస్టిన్ నగరమున 2025 జూన్ 3వ తేదీ మొదలు 22వ తేదీ వరకు కౌంటర్-స్ట్రైక్ అను కంప్యూటర్ ఆటలో ప్రపంచపు పెద్దపోటీలు జరిగినవి. 32 జట్లు పోటీపడినవి. తుదిపోరున ఫ్రాన్సు దేశపు వైటాలిటీ జట్టు గెలిచి 5,00,000 డాలర్ల బహుమానమును గైకొన్నది. గెలిచినవారిని గూర్చి వ్రాయువారు పలువురు గలరు. ఓడినవారిని గూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనని మా సంకల్పము. తుదివరకు వచ్చి ఓడినవారు 'మంగోల్జ్' అను పేరుగల జట్టువారు, మంగోలియా దేశస్థులు. ఆసియాఖండపు జట్టొకటి ఈ పెద్దపోటీల తుదిమెట్టు నెక్కుట అదియే మొదటిసారి.

రుష్యా చైనాల నడుమ సముద్రతీరము లేక చిక్కుపడియున్న దేశము మంగోలియా. భూమి విశాలమే, జనసంఖ్యయా, రమారమి 35 లక్షలు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో మన హైదరాబాదు జిల్లా యొక్కటియే 39 లక్షలు దాటినది. ఆ దేశమున కుస్తీ, విలువిద్య, గుఱ్ఱపుపందెములు జాతీయ క్రీడలు. ఏటేట జూలై మాసమున నాదమ్ అను పండుగలో వీనిని ఆడుదురు. అట్టి దేశమునుండి ఐదుగురు యువకులు వచ్చి, పేరుమోసిన ఫేజ్ జట్టును, బ్రెజిలు దేశపు పెయిన్ జట్టును వరుసగా ఓడించి తుదిపోరున నిలిచిరి. మూడు మైదానములలో ఒకటి వారిది, రెండు వైటాలిటీవి. వైటాలిటీ ధ్వజము ఫ్రాన్సుదే గాని, దాని క్రింద ఆడినవారిలో ఇద్దఱు మాత్రమే ఫ్రెంచివారు. తక్కినవారిలో ఒకడు ఎస్టోనియావాడు, ఒకడు ఇంగ్లీషువాడు, మఱియొకడు ఇస్రాయేలువాడు. మంగోలుల పక్షమున ఐదుగురును ఒక్క దేశపు బిడ్డలే. ఇందువలన వైటాలిటీ విజయము తక్కువదని మేము చెప్పబోము. ఆ సంవత్సరముననే కటోవిసలోను, మెల్బోర్నులోను, డల్లాసులోను జరిగిన పెద్ద పోటీలను గెలిచి వచ్చిన జట్టది. అట్టివారి చేతిలోనుండి ఒక మైదానమును లాగుకొనుటయే సామాన్యము కాదు.

కుర్చీలో కూర్చుండి మీటలు నొక్కుట కూడ క్రీడయేనా యని పెద్దలు కొందఱు అడుగుదురు. ఆ ప్రశ్న అనుచితము కాదు. ఆటలో తుపాకులున్నవి, బాంబులున్నవి. ఒక పక్షమునకు ఉగ్రవాదులనియే పేరు. ఇది మాకును రుచింపదు. కాని ఆట నడచు తీరు తెలిసికొనక తీర్పు చెప్పుట తగదు గదా! పక్షమునకు ఐదుగురు. దాడిచేయువారు నిర్ణీత స్థలమున బాంబు పెట్టవలెను; కాపువారు అడ్డవలెను. 1 నిమిషము 55 సెకండ్లలో బాంబు పెట్టలేకపోయినచో విడత కాపువారిది. పెట్టినచో 40 సెకండ్లకు అది ప్రేలును. ఆలోపల కాపువారు దానిని నిర్వీర్యము చేసి తీరవలెను. చచ్చినవాడు ఆ విడతలో మరల లేవడు. తనవారి యాట చూచుచు కూర్చుండవలసినదే. 12 విడతలైన పిమ్మట పక్షములు మాఱును. ముందుగా 13 విడతలు గెలిచినవారిదే మైదానము.

గుఱి సంగతి అందఱును చెప్పుదురు. మాకు మిక్కిలి నచ్చినది ఈ యాటలోని ధనపు లెక్క. ప్రతి విడత మొదట ఆయుధములు కొనవలెను. గెలిచిన పక్షమునకు రాబడి హెచ్చు. వరుసగా ఓడుచున్నవారికి ఇచ్చు ఊరట సొమ్ము కొంత కొంత పెరుగుచు వచ్చును. చేతిలో సొమ్ము చాలనపుడు ఐదుగురును కూడబలుకుకొని ఏమియు కొనక, ఆ విడతను దాదాపు వదలుకొని, రాబోవుదాని కొఱకు కూడబెట్టుదురు. వారిలో ఒక్కడు ఆశకొలది మంచి తుపాకి కొనెనా, తక్కిన నలుగురి లెక్కయు తప్పును. కలిగినవాడు లేనివానికి తుపాకి కొనియిచ్చుటయు గలదు. కఱవు సంవత్సరమున విత్తనపు గింజలను ముట్టక దాచుకొను కాపునకు ఈ మర్మము మేము విప్పి చెప్పనక్కరలేదు. కొనుట యెపుడో, దాచుట యెపుడో నిర్ణయించు భారము చాలవఱకు నాయకునిది. మంగోలుల నాయకుడు 'బ్లిట్జ్' అను మాఱుపేరు గలవాడు. ఇతని పేరును సహచరుడగు 'టెక్నో' పేరును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక.

ఏలయన, ఆస్టిన్ ఫలితము ఒక్కనాటి యదృష్టము కాదు. 2022లో బెల్జియము దేశపు ఆంట్వెర్ప్ నగరమున జరిగిన పెద్దపోటీలకు ఐ.హెచ్.సీ. అను మంగోలియా జట్టు వచ్చెను. దానిలో ఆడినవారే ఈ బ్లిట్జ్, టెక్నోలు. అప్పటి ప్రేక్షకులు వారిని దూరదేశపు చుట్టములను చూచినట్లు చూచి ముచ్చటపడి యూరకుండిరి. మఱుసటి సంవత్సరము వారు మంగోల్జ్ పేరుతో పారిస్‌కు పోయిరి. 2024 వసంతమున కోపెన్‌హాగెన్‌కు పోయిరి. ఆ డిసెంబరున షాంఘైలో తుది ఎనిమిది జట్లలో నిలిచిరి. అటుపిమ్మట ఆస్టిన్. నడుమ ఆటగాండ్రు కొందఱు మాఱిరి, కొత్త కుఱ్ఱవాండ్రు చేరిరి, నాయకుడు మాఱలేదు. ఓడిన ప్రతిసారియు జట్టును చెదరగొట్టి కొత్తవారిని వెదకు అలవాటు గల సంపన్న దేశముల యజమానులు ఈ వరుసను ఒకమాఱు పరిశీలించిన బాగుండును.

దీనికి తోడ్పడిన సంగతి మఱియొకటి గలదు. కౌంటర్-స్ట్రైక్‌ను 1999లో మిన్ లీ, జెస్ క్లిఫ్ అను ఇరువురు యువకులు వేఱొక యాటకు మార్పుగా తయారుచేసిరి. మఱుసటి సంవత్సరము వాల్వ్ కంపెనీవారు దానిని కైవసము చేసికొనిరి. 2013లో స్వీడను దేశమున 2,50,000 డాలర్ల బహుమానముతో తొలి పెద్దపోటీ జరిగినది. కాలక్రమమున బహుమానములు పెరిగినవి, వానితోపాటు బేరములును పెరిగినవి. పెద్దపోటీలు గాక ఏడాది పొడుగున జరుగు లీగులను నడుపువారు కొన్ని ధనిక జట్లతో ఒడంబడికలు చేసికొని, గెలిచినను ఓడినను వారి స్థానములు వారికి దక్కునట్లు ఏర్పాటు చేసిరి. ఇక వెలుపలివారికి మిగిలినది గుమ్మమువద్ద పడిగాపులే. ఇట్లు సొమ్ముతో స్థానము లేర్పడుట చెల్లదనియు, ఆటలో వచ్చిన ఫలితములను బట్టి కూర్చిన వరుసక్రమమే ఆహ్వానములకు ఆధారము కావలెననియు వాల్వ్ వారు 2023లో ప్రకటించి, 2025 ఆరంభమునుండి అమలు పఱచిరి. తలుపు తెఱచిన ఆఱు మాసములలోనే ఆసియా జట్టొకటి తుదిపోరున కూర్చుండెను. నియమమే సమస్తమును చేసెనని మేమనము. నియమము లేకున్నచో ఆ యైదుగురి నేర్పు ఇంకను ఎన్ని సంవత్సరములు గుమ్మమున నిలిచియుండెడిదో యోచింపుడు.

ఆ తలుపు మనకును తెఱచియే యున్నది. 2025 ముగియునాటికి భారతదేశపు జట్టొకటియు ఈ పెద్దపోటీలలో అడుగుపెట్టలేదు. 140 కోట్లు దాటిన జనసంఖ్యను చెప్పికొని గర్వించువారికి ఇది రుచింపకపోవచ్చును. ఇంతకంటె కష్టమైన జ్ఞాపక మొకటి కలదు. 2018 అక్టోబరున షాంఘైలో జరిగిన ఆసియా పోటీలకు ఆప్టిక్ ఇండియా అను పేరుగల మన జట్టు పోయెను. వియత్నాము జట్టుతో ఆడుచుండగా మన యాటగాడొకడు గుఱిని దానంతట సరిచేయు దొంగ ఉపకరణమును తన కంప్యూటరులో దాచియుంచినట్లు బయటపడెను. మధ్యవర్తులు దగ్గఱకు వచ్చినపుడు దానిని తుడిచివేయ యత్నించెననుట మఱింత తలవంపు. జట్టును పోటీనుండి తొలగించిరి. ఆటగానికి ఐదు సంవత్సరముల నిషేధము విధింపబడెను. యజమానులు ఆ జట్టునే రద్దుచేసిరి. ఏ తప్పును ఎఱుగని తక్కిన నలుగురి శ్రమయు దానితో మట్టిలో కలిసెను.

ఇతరులు పవిత్రులని మేము చెప్పుట లేదు. 2014లో అమెరికా జట్టొకటి పందెపు లాభమునకై తెలిసి తెలిసి యోడెను. మఱుసటి జనవరిలో వాల్వ్ వారు ఆ వ్యవహారమునకు సంబంధించిన ఏడుగురిని నిషేధించిరి. 2020లో ఆటలోని యొక లోపమును ఆధారముగా గొని ఎదిరిపక్షపు జాడలు చూచిరని 37 మంది శిక్షకులు దండింపబడిరి. వారిలో యూరపువారు పలువురు. అయినను ఆ దేశములందు ఒక జట్టు చెడినచో పది జట్లు మిగిలియుండును. మనకట్లు కాదు. ఒక్కని కపటము ఒక తరమువారి తలుపు మూయగలదు.

మన గృహస్థులకు ఈ యాటపై గల యనుమానము ముఖ్యముగా జూదమును గూర్చినది. పేకాట కంప్యూటరులోనికిని, చేతి ఫోనులోనికిని ప్రవేశించి ఎన్ని కుటుంబములను అప్పులపాలు చేసినదో మనమెఱుగనిది కాదు. తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను దీనిని అరికట్ట శాసనములు చేసినవి. తుదకు 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని చట్టము చేసి, పందెమొడ్డు ఆటలను నిషేధించి, నడపువారికి మూడేండ్ల వఱకు ఖైదును, కోటి రూపాయల వఱకు జరిమానాను ఏర్పఱచినది. నేర్పుతో పోటీపడు ఆటలను వేఱుచేసి క్రీడగా గుర్తించినది. ఈ విభాగము న్యాయమైనదే. కాని గీత మనము తలచినంత స్పష్టముగ లేదు. వాల్వ్ వారి దుకాణమును చూడుడు. ఈ యాటలోని తుపాకులకు రంగురంగుల తొడుగులు గలవు. అవి మూసిన పెట్టెలలో నుండును. సొమ్ము చెల్లించి తాళపుచెవి కొని తెఱచినగాని లోపలిది తెలియదు. అపురూపమైన తొడుగు దొరకినవాడు దానిని విక్రయించి లాభము పొందవచ్చును. తక్కినవారికి చిల్లర సరకు. దీనిని జూదమనక మఱేమందుము? 2018లో బెల్జియము, హాలండు ప్రభుత్వముల అభ్యంతరముచే ఆ రెండు దేశములలో పెట్టెలు తెఱచు వీలును కంపెనీవారు తీసివేసిరి. కుమారుడు ఆడుచున్నాడా, పెట్టెలు తెఱచుచున్నాడా యని తండ్రి విచారించుట మేలు. ఆడుచున్నచో ఎవరితో కూడి ఆడుచున్నాడో, ఆ జట్టు ఎన్నాళ్లుగా కలిసియున్నదో కూడ అడుగవచ్చును.

మన చట్టమునకు రాష్ట్రపతి యామోదము 2025 ఆగస్టు 22వ తేదీన లభించినది. అప్పటికి రియాద్ నగరమున ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్ జరుగుచుండెను. సౌదీ ప్రభుత్వము నూనె సొమ్మును ధారపోసి నడపు ఆ పోటీలపై విమర్శలు లేకపోలేదు. రెండు దినముల పిమ్మట, 24వ తేదీన, అచటి కౌంటర్-స్ట్రైక్ తుదిపోరు ముగిసినది. ఆరోరా జట్టుకు ఒక్క మైదానమైనను చిక్కలేదు. మూడింటికి మూడును గెలిచి 5,00,000 డాలర్లను గైకొన్నవారు, జూన్ మాసమున ఆస్టిన్‌లో ఓడిపోయిన యా యైదుగురు మంగోలులే.