మొదటి పది అడుగులు

డల్లాస్ శివార్లలో ఒక ఇండియన్ కిరాణా కొట్టు ముందు, నీలంరంగు వీల్‌చెయిర్ బొమ్మ ఉన్న చోట మా వదిన కారు ఆపింది. అద్దానికి వికలాంగుల పార్కింగ్ ట్యాగ్ తగిలించి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని దిగింది. నాలుగడుగులు వేసిందో లేదో, పక్కన నిలబడ్డ తెలుగు పెద్దాయన అడగనే అడిగారు. “ఏమ్మా, చూడ్డానికి బానే ఉన్నావుగా, ఇక్కడ పెట్టావేంటి? నిజంగా నడవలేనివాళ్ళు వస్తే ఏం చేస్తారు పాపం?”

“డాక్టరుగారు రాసిచ్చారండీ,” అంది వదిన. ఆయన నమ్మినట్టు లేదు. తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళాక జరిగింది నేను చూశాను. పావుగంటకి వదిన సామాన్ల బండి మీద మోచేతులు ఆన్చి బయటికొచ్చింది. కారులో కూలబడి, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ వేలికి తగిలించుకుంది. 84. పెదాలు నీలంగా మారాయి. ఆ అంకె 92కి ఎక్కేదాకా కారు స్టార్ట్ చెయ్యలేదు, నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమెది ఊపిరితిత్తుల జబ్బు.

ఆ పెద్దాయన మీద నాకు కోపం లేదు. ఆయన అడిగింది తన కోసం కాదు, ఎవరో నడవలేని మనిషి కోసం. ఆయన పొరబడటంలో ఆ బొమ్మ పాత్ర చాలా ఉంది. 1968లో సుసానె కూఫోడ్ అనే డెన్మార్క్ విద్యార్థిని దాన్ని గీసింది. దానికి తల తర్వాత చేర్చారు. ఎంత దూరం నుంచైనా తెలిసిపోయే గుర్తు అది. అందుకే ప్రపంచమంతా నిలిచింది. కానీ ఆ బొమ్మ చూశాక మన కళ్ళు చక్రాల కుర్చీనే వెతుకుతాయి. కుర్చీ కనపడకపోతే, ఏదో మోసం ఉందనుకుంటాం.

ట్యాగ్ ఇచ్చే నిబంధన అడిగే ప్రశ్న వేరు. ఈ మనిషి నడవగలరా అని కాదు, ఎంత దూరం నడవగలరు అని. అమెరికాలో 1991 నాటి ఫెడరల్ నిబంధనల ప్రకారం, ఆగి అలసట తీర్చుకోకుండా 200 అడుగులు నడవలేనివాళ్ళు అర్హులు. అంటే క్రికెట్ పిచ్‌కి సుమారు మూడు రెట్ల దూరం. చేతికర్ర, కృత్రిమ కాలు, తోడు మనిషి లేకుండా నడవలేనివాళ్ళు సరేసరి. ఊపిరితిత్తుల జబ్బుతో, గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో ఒక లీటరు గాలి కూడా బయటికి రానివాళ్ళూ అర్హులే. గుండెజబ్బు మూడో తరగతికో నాలుగో తరగతికో చేరినవాళ్ళకీ ఇస్తారు. మూడో తరగతి మనిషి కుర్చీలో కూర్చుని ఉంటే మీకూ నాకూ ఏ తేడా కనపడదు. కాస్త పని చేస్తే చాలు, ఆయాసం.

ఈ చోటు తలుపు దగ్గరే ఎందుకు ఉంటుందో ఆలోచించండి. నడక పది ఇరవై అడుగుల్లో ముగియాలని. ఆ పది అడుగులూ వాళ్ళు మామూలుగానే నడుస్తారు. మనం చూసేదీ ఆ పది అడుగులే! ఏర్పాటు సరిగ్గా పనిచేస్తోందని చెప్పే ఆ నడకనే మనం మోసానికి సాక్ష్యంగా పట్టుకుంటున్నాం.

రోజును బట్టి మారే జబ్బులూ ఉన్నాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న చాలామందికి ఎండ తగిలితే కాళ్ళు మాట వినవు. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి పొద్దున బిగుసుకుపోయిన కాళ్ళు మధ్యాహ్నానికి కాస్త వదులవుతాయి. నిన్న కర్రతో కనపడిన మనిషి ఇవాళ కర్ర లేకుండా కనపడితే అది నాటకం కాదు.

దుర్వినియోగం లేదని అనను. మనవాళ్ళ ఇళ్ళలోనే చూస్తాం. అమ్మకోసం తీసుకున్న ట్యాగ్, అమ్మ ఇండియా తిరిగి వెళ్ళాక కూడా కారులోనే ఉంటుంది. ఆ ట్యాగ్ మనిషిది, కారుది కాదు. ఆ మనిషి కారులో లేనప్పుడు దాన్ని వాడటం నేరం. ఆ పార్కింగ్ చోటు పక్కనున్న చారల గళ్ళలో బండ్లు వదిలేయడం ఇంకా పెద్ద తప్పు. కనీసం 5 అడుగుల ఆ ఖాళీ లేకపోతే చక్రాల కుర్చీ దిగడానికి చోటుండదు. చారల మీద బండి ఉంటే, అద్దానికి ట్యాగే లేకపోతే, కొట్టువాళ్ళకి చెప్పండి. అది కళ్ళెదుట కనపడే తప్పు. ట్యాగ్ ఉన్న మనిషి ఒంట్లో ఏముందో మాత్రం కనపడదు. డాక్టరు చూసి సంతకం పెట్టారు, రాష్ట్రం ఇచ్చింది. ఆ ట్యాగ్ ఎవరిదో తేల్చడానికి పోలీసులకి దాని మీద నంబరు ఉంది.

ఇండియాలోనూ ఇదే సంగతి. అక్కడ 1995 వికలాంగుల చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016 చట్టం 21కి పెంచింది. తలసీమియా, సికిల్ సెల్, పార్కిన్సన్స్ అందులో చేరాయి. వీటిలో కొన్నిటికి బయటికి గుర్తేమీ ఉండదు. ఆర్టీసీ బస్సులో వికలాంగుల సీట్లో కూర్చున్న కుర్రాడిని లేపే ముందు ఈ జాబితా గుర్తుకు రావాలి.

ఆ పెద్దాయన అలా అడిగాక, మా వదిన మాత్రం ట్యాగ్ తీసి కారు సొరుగులో పడేసింది. తర్వాతి శనివారం అదే కొట్టు ముందు, చివరి వరసలో కారు ఆపింది. తలుపు చేరేలోగా రెండుసార్లు ఆగింది. ఎవరిదో కారుకి ఆనుకుని, ఫోన్ చూసుకుంటున్నట్టు తల వంచి, ఊపిరి తీసుకుంది.