పింజ లాగి చూసేవాళ్లు

పత్తి సీజన్‌లో ఆదోని మార్కెట్ యార్డుకు పొద్దున్నే వెళ్తే ఒక దృశ్యం కనిపిస్తుంది. లాట్ల మధ్య నడుచుకుంటూ వచ్చిన వ్యాపారి పైన తెల్లగా మెరిసే దూదిని చూసి ధర చెప్పడు. మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, అడుగు నుంచి ఒక గుప్పెడు పీకుతాడు. రెండు బొటనవేళ్ల మధ్య పట్టి లాగి పింజ పొడవు చూస్తాడు. అరచేతిలో నలిపి చెమ్మ కనుక్కుంటాడు. భారత పత్తి సంస్థ కొనేటప్పుడు తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 దాటితే తీసుకోదు. ఆ లెక్క చెప్పడానికి మీటరు ఉంది. పాతకాపు వ్యాపారికి మాత్రం వేళ్లే మీటరు.

సైబర్ సెక్యూరిటీ కన్సల్టెంట్ చేసే పని కూడా దాదాపు ఇదే. కంపెనీ తనకు చూపించేది పైపొర: ఖరీదైన ఫైర్‌వాల్, గోడకు తగిలించిన ఐఎస్ఓ సర్టిఫికెట్, లైసెన్సు కట్టిన యాంటీవైరస్. అతను చెయ్యి పెట్టాల్సింది అడుగున. ఉద్యోగం మానేసిన అకౌంటెంట్ లాగిన్ ఇంకా పనిచేస్తోందా? బ్యాకప్ తీస్తున్నామంటున్నారు సరే, దాన్ని ఒక్కసారైనా తిరిగి ఎక్కించి చూశారా? సీసీ కెమెరాలకు తయారీ కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చారా, అలాగే వదిలేశారా?

ఒకప్పుడు రెండో ముంబయి అనిపించుకున్న ఆదోనిలో ఈ ప్రశ్నలు అడిగేవాళ్ల అవసరం లేదనుకుంటే పొరపాటు. 2016లో మొదలైన ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్‌తో పంట ధర కంప్యూటర్ తెర మీదికి ఎక్కింది. ఎమ్మిగనూరు చీరల ఫొటోలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి, డబ్బులు ఫోన్‌పేలో పడుతున్నాయి. మంత్రాలయం వచ్చే భక్తుడు రైలు టికెట్‌తో పాటే గది కోసమూ నెట్‌లో వెతుకుతాడు. అలా వెతికేవాళ్ల కోసమే నకిలీ సైట్లు కాచుకుని ఉంటాయి. తిరుమల తిరుపతి దేవస్థానం 2023 ఏప్రిల్‌లో పోలీసులకు ఫిర్యాదు చేసిన నకిలీ వెబ్‌సైట్ 41వది. తర్వాత దేవస్థానం తన అధికారిక సైట్‌ను ప్రభుత్వ డొమైన్‌లోకి మార్చుకుంది.

ఇక కంపెనీలు ఈ ఉద్యోగానికి ఎలాంటివాళ్లను వెతుకుతున్నాయి? ప్రకటనలు చదివితే చాంతాడంత జాబితా కనిపిస్తుంది. దానికన్నా తెలుగు గడ్డ మీద జరిగిన ఒక దొంగతనాన్ని దగ్గరగా చూస్తే విషయం బాగా అర్థమవుతుంది.

2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల 48 లక్షల రూపాయలు మాయమయ్యాయి. ఎవరూ గోడకు కన్నం వేయలేదు, ఎవరి మెడ మీదా కత్తి పెట్టలేదు. రెండు నెలల తర్వాత అప్పటి పోలీస్ కమిషనర్ సీవీ ఆనంద్ బయటపెట్టిన వివరాల ప్రకారం కథ 2021 నవంబర్‌లోనే మొదలైంది. బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా ఫిషింగ్ మెయిళ్లు వచ్చాయి. వాటిని తెరిచింది ఇద్దరే. ఆ ఇద్దరూ చాలు. మెయిల్ వెంట వచ్చిన ప్రోగ్రాం వాళ్ల కంప్యూటర్లను దూరాన కూర్చున్న దొంగ చేతికి అప్పగించింది. ఏ కీ నొక్కినా అటువైపు నమోదయ్యే ఏర్పాటు జరిగిపోయింది. అలా సూపర్‌యూజర్ పాస్‌వర్డ్ దొరికింది, దాని వెనకే డేటాబేస్. డబ్బు ముందు కొన్ని ఖాతాల్లోకి, అక్కడి నుంచి వేర్వేరు బ్యాంకుల్లోని 115 ఖాతాల్లోకి పాకింది. చివరికి 938 ఏటీఎంలలో నోట్లుగా బయటికొచ్చింది.

ఈ కథలోని ఒక్కో మలుపు దగ్గర ఒక్కో ఉద్యోగం ఖాళీగా ఉంది. మెయిల్ తెరవకుండా సిబ్బందికి అలవాటు చేయాల్సిన మనిషి లేడు. ఈ పని చేసే కన్సల్టెంట్లు తామే ఉత్తుత్తి ఫిషింగ్ మెయిళ్లు పంపి ఎవరు నొక్కుతారో చూస్తారు. నొక్కినవాళ్లను నలుగురిలో తిట్టకుండా కూర్చోబెట్టి చెప్తారు. ప్రధాన కార్యాలయం నెట్‌వర్కునూ శాఖల నెట్‌వర్కునూ విడదీసి మధ్యలో తలుపు పెట్టాల్సినవాడు లేడు. సూపర్‌యూజర్ అధికారం ఎంతమందికి ఉంది, ఎందుకుంది అని అడగాల్సినవాడు లేడు. వారాంతంలో ఎప్పుడూ లేని లావాదేవీలు జరుగుతుంటే తెర మీద ఎర్రగా వెలిగిన గీతను పట్టించుకోవాల్సినవాడు లేడు. 2023లో రిజర్వ్ బ్యాంకు ఈ బ్యాంకుకు సైబర్ భద్రత నిబంధనలు పాటించనందుకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది. పోయిన సొమ్ముకు ఇది అదనం. బోర్డుకు ముందుగానే నిబంధనలు చదివి చెప్పే మనిషి విలువ ఎంతో ఈ అంకె చెబుతుంది.

ఒక్క మనిషే ఇవన్నీ చేయలేడు. అయితే కన్సల్టెంట్ అనిపించుకోవాలంటే వీటిలో ఒకటి లోతుగా, మిగిలినవి మాట్లాడగలిగేంతగా తెలియాలి.

పునాది దగ్గర రాజీ ఉండదు. నెట్‌వర్కింగ్, లినక్స్, విండోస్‌లో యాక్టివ్ డైరెక్టరీ, కాస్త పైథాన్, డేటాబేస్ ప్రశ్నలు రాయడం, అమెజాన్ లేదా మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో తాళాలు ఎక్కడెక్కడ ఉంటాయో తెలిసుండటం. ఇంటర్వ్యూల్లో బాగా అరిగిపోయిన ప్రశ్న ఒకటుంది: బ్రౌజర్‌లో ఒక సైటు పేరు కొట్టి ఎంటర్ నొక్కితే ఏమవుతుంది? చూడటానికి పిల్లల ప్రశ్నలా ఉంటుంది. పేరు అంకెల చిరునామాగా మారడం దగ్గర నుంచి సర్టిఫికెట్ సరిచూసుకోవడం, సర్వర్ జవాబివ్వడం దాకా ఎన్ని మెట్లు దిగగలిగితే అంత లోతు. హ్యాకింగ్ టూల్స్ పేర్లు గడగడా అప్పజెప్పేవాళ్లు చాలామంది ఈ ప్రశ్న దగ్గరే తడబడతారు. టూల్ నడపడం వారంలో వస్తుంది. అది ఎర్రగా చూపించిన నలభై లోపాల్లో నిజంగా ప్రమాదమైనవి ఏ మూడో చెప్పాలంటే మాత్రం ఆ మెట్లన్నీ దిగి ఉండాలి.

సర్టిఫికెట్ల సంగతికొస్తే ఇదొక సంత. బేరం తెలియనివాడు మోసపోతాడు. కొత్తగా వచ్చేవాళ్లకు కాంప్‌టియా సెక్యూరిటీ ప్లస్, ఈసీ కౌన్సిల్ వాళ్ల సీఈహెచ్ బయోడేటా పక్కన పారేయకుండా కాపాడతాయి. చొరబాటు పరీక్షలు చేసే ఉద్యోగాలకు ఓఎస్‌సీపీకి గౌరవం ఎక్కువ. అందులో బహుళైచ్ఛిక ప్రశ్నలుండవు. 23 గంటల 45 నిమిషాలు ఇచ్చి కొన్ని మెషీన్లలోకి చొరబడమంటారు, తర్వాత రిపోర్టు రాయడానికి ఇంకో 24 గంటలు ఇస్తారు. ఆడిట్ వైపు వెళ్లేవాళ్లకు ఐసాకా ఇచ్చే సీఐఎస్ఏ, ఐఎస్ఓ 27001 లీడ్ ఆడిటర్. 2022లో సవరించిన ఆ ప్రమాణంలో 93 నియంత్రణలున్నాయి. వాటిని బట్టీ పట్టినవాడు కాక, క్లయింట్ దగ్గర ఏది నిజంగా అమలవుతోందో పట్టుకునేవాడు కావాలి. పెద్ద పదవులకు సీఐఎస్ఎస్‌పీ. పరీక్ష పాసైతేనే సరిపోదు, ఎనిమిది విభాగాల్లో కనీసం రెండింట్లో ఐదేళ్ల అనుభవం చూపించాలి; డిగ్రీ ఉంటే ఏడాది మినహాయింపు. కాబట్టి ఏ కోచింగ్ సెంటరైనా 'ఆరు నెలల్లో సీఐఎస్ఎస్‌పీ, వెంటనే లక్షల జీతం' అని బోర్డు పెడితే ఆ బోర్డునే మొదటి ఫిషింగ్ మెయిల్ అనుకోవచ్చు.

అమీర్‌పేటలో దొరికే దొంగ అనుభవ పత్రాలు ఈ రంగంలో మరీ ప్రమాదం. బ్యాంకు తాళాలు అప్పగించే ముందు కంపెనీలు అభ్యర్థి పాత ఉద్యోగాలు, పీఎఫ్ ఖాతా, పోలీసు రికార్డు తవ్వి చూస్తాయి. అబద్ధం దొరికితే ఆ ఒక్క ఉద్యోగమే పోదు, రంగం తలుపే మూసుకుంటుంది.

ఇక్కడే సినిమా హ్యాకర్‌కీ కన్సల్టెంట్‌కీ దారులు వేరవుతాయి. అనుమతి లేకుండా, దురుద్దేశంతో ఇంకొకరి కంప్యూటర్‌లోకి వెళ్తే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 'లోపం చూపించి మేలు చేశాను కదా' అన్న వాదన కోర్టులో నిలబడుతుందన్న భరోసా లేదు. అందుకే పని మొదలుపెట్టే ముందు ఏ సర్వర్లు, ఏ తేదీలు, ఏ గంటలు, ఏది ముట్టుకోకూడదు అని కాగితం మీద రాసుకుంటారు. ఆ కాగితం ఉన్నా ఒక్కోసారి చాలదు. 2019 సెప్టెంబర్‌లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో కోల్‌ఫైర్ అనే సంస్థ ఉద్యోగులిద్దరు ఒక కోర్టు భవనం భద్రతను పరీక్షిస్తూ అర్ధరాత్రి లోపలికి వెళ్లారు. రాష్ట్ర న్యాయవ్యవస్థ రాసిచ్చిన అనుమతి జేబులోనే ఉంది. భవనం కౌంటీదని, రాష్ట్రం అనుమతి చెల్లదని అక్కడి షెరిఫ్ ఇద్దరినీ అరెస్టు చేశాడు. కేసు ఎత్తేసేసరికి నెలలు గడిచాయి. అనుమతి ఎవరు ఇవ్వగలరో కనుక్కోవడం కూడా ఈ వృత్తిలో నైపుణ్యమే.

చట్టం చదివినవాళ్లకు గిరాకీ పెరగడానికి ఇంకో కారణం ఉంది. కేంద్రంలో సైబర్ ఘటనలు చూసే సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన జరిగిందని తెలిసిన 6 గంటల్లో సమాచారం ఇవ్వాలి. కంప్యూటర్ లాగ్‌లు 180 రోజులు దాచాలి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో వచ్చిన చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా వెళ్తుంది. ఆరు గంటలంటే ఎంత? శనివారం రాత్రి పదకొండింటికి సర్వర్ లాక్ అయితే, ఎవరికి ఫోన్ చేయాలో తేలేసరికే తెల్లారుతుంది. ఆ రాత్రి ఎవరు ఏం చేయాలో ముందే రాసిపెట్టి, ఏడాదికోసారి ఉత్తుత్తి ప్రమాదం సృష్టించి ఆడించి చూసే కన్సల్టెంట్లకు కంపెనీలు సంతోషంగా డబ్బిస్తాయి. ఆలస్యం ఖరీదు మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 2017 మేలో వానాక్రై రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని, తిరుమల దేవస్థానం కార్యాలయ కంప్యూటర్లు కొన్ని దాని వాత పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే ప్యాచ్ ఇచ్చింది.

ఇన్ని చెప్పుకున్నాక, రిక్రూటర్లు అన్నిటికన్నా దొరకదని వాపోయేది సాంకేతిక విద్య కాదంటే ఆశ్చర్యంగా ఉంటుంది. వాళ్లకు దొరకనిది రాయడం, చెప్పడం వచ్చిన మనిషి. కన్సల్టెంట్ అమ్మే సరుకు చివరికి ఒక రిపోర్టు. దాన్ని చదివేవాడు ఇంజనీరు కాకపోవచ్చు.

ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు అనుకుందాం. ఆఫీసులో మూడు కంప్యూటర్లు, టాలీ, నెట్ బ్యాంకింగ్. కన్సల్టెంట్ వెళ్లి 'యాక్సెస్ కంట్రోల్ పాలసీ లేదు, ప్రివిలేజ్ మేనేజ్‌మెంట్ బలహీనం' అంటే యజమాని టీ తెప్పించి పంపేస్తాడు. అదే మాటను ఇలా చెప్పొచ్చు: "సార్, మీ దగ్గర నలుగురూ ఒకటే పాస్‌వర్డ్‌తో టాలీ తెరుస్తున్నారు. నిన్న గేట్లోంచి ఏ లారీ పోయిందో రిజిస్టర్ చూసి చెప్పగలరు. నిన్న పార్టీ ఖాతా నంబరు ఎవరు మార్చారో చెప్పగలరా?" యజమాని టీ గ్లాసు కింద పెడతాడు. నూలు మిల్లు పేరుతో వచ్చిన మెయిల్‌లో ఖాతా నంబరు మారిందని రాసి ఉంటే, డబ్బు వేసే ముందు ఫోన్ చేసి అడిగే అలవాటు ఉందా అన్నది రెండో ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలకు ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు.

మంత్రాలయం, ఎమ్మిగనూరు వైపు కుర్రవాళ్లకు ఇక్కడ ఒక బలం పుట్టుకతోనే ఉంది. తెలుగులో మొదలైన మాట కన్నడలోకి, అక్కడి నుంచి ఉర్దూలోకి తిరగడం వాళ్లకు రోజువారీ సంగతి. హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ క్లయింట్ ముందు ఇది పనికొస్తుంది. ఏటా సుగ్గికి, అంటే కోతల పనికి, గుంటూరు మిరప చేలకు తల్లిదండ్రులు వలస వెళ్లే ఊళ్ల నుంచి వచ్చి చదువుకున్న పిల్లలకు, డబ్బు పోతే ఇంట్లో ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు కూడా.

చదువుకు దారులు దూరంగా లేవు. 2015లో మొదలైన ట్రిపుల్ ఐటీ కర్నూలు జగన్నాథగట్టు మీద ఉంది. హైదరాబాద్ సీడాక్‌లో నెట్‌వర్కు, సిస్టమ్స్, భద్రత కలిపి నేర్పే పీజీ డిప్లొమా ఉంది. కేంద్ర ప్రభుత్వ ఐఎస్ఈఏ పథకం ఉచితంగా అవగాహన సామగ్రి ఇస్తుంది. వెబ్ లోపాల మీద పోర్ట్‌స్విగర్ పాఠాలకు పైసా కట్టక్కర్లేదు. ట్రైహ్యాక్‌మీ, హ్యాక్ ద బాక్స్ లాంటి చోట్ల చట్టం మీరకుండా చెయ్యి తిరిగేదాకా సాధన చేయొచ్చు. చాలామంది హెల్ప్‌డెస్క్‌లోనో, రాత్రి షిఫ్టుల్లో అలర్టులు చూసే ఎస్ఓసీ గదిలోనో మొదలై, మూడు నాలుగేళ్లకు కన్సల్టింగ్ వైపు వస్తారు. ఆ రాత్రి షిఫ్టులను తక్కువగా చూడకూడదు. వేల అబద్ధపు అలర్టులు చూసిన కంటికే నిజమైనది పడుతుంది.

ఏజెంటు మాట నమ్మి కంబోడియా విమానం ఎక్కడం మాత్రం దారి కాదు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి తీసుకెళ్లిన తెలుగు యువకులతో అక్కడ సైబర్ మోసాలు చేయించిన వ్యవహారాన్ని విశాఖ పోలీసులు 2024 మేలో బయటపెట్టారు.

ఉద్యోగంలో చేరాక కొత్తవాళ్లకు ఆలస్యంగా తెలిసే సంగతి ఒకటుంది. రిపోర్టు ఇవ్వడంతో పని అయిపోదు. మూడు నెలలు ఆగి మళ్లీ వెళ్లి, తాము రాసిన లోపాలు సరిదిద్దారో లేదో చూడాలి. దాన్ని రీటెస్ట్ అంటారు. క్లయింట్ నవ్వుతూ ఎదురొచ్చి అన్నీ సరిచేశామంటాడు, పట్టికలో అన్నిటి పక్కనా పచ్చ గుర్తులు చూపిస్తాడు. కన్సల్టెంట్ కూడా నవ్వి, లాప్‌టాప్ తెరిచి, మానేసిన అకౌంటెంట్ పేరు, పాత పాస్‌వర్డ్ కొట్టి, ఎంటర్ నొక్కుతాడు.