మా వాకిటి మోటారుబండి

మా మామగారు 1984వ సంవత్సరమున కొనిన అంబాసిడరు నేటికిని మా వాకిట నున్నది. ఉత్తరపారా కర్మాగారమున 2014వ సంవత్సరముతో ఆ బండ్ల తయారీ నిలిచిపోయినది. కావున చెడినదానిని బాగుచేయించుటకంటె చెడకుండ కాచుకొనుటయే సుళువు. ఈ సంగతి మేము ఆలస్యముగా గ్రహించితిమి.

ప్రతిదినము ఉదయమున పొడిగుడ్డతో బండిని తళతళలాడునట్లు తుడుచుట మా యింటి వాడుక. చూచినవారు మెచ్చుకొనెడివారు. కాని దుమ్ములోని ఇసుకరేణువులు రంగుపూతకంటె గట్టివి. పొడిగుడ్డ వానిని రంగుమీద నీడ్చుటచేత సాలెగూటివంటి సన్నని గీతలు పడి, ఎండలో బయటపడును. ఇత్తడిచెంబును తోమినట్లు బండిని తోమరాదు. మొదట పైకప్పునుండి క్రిందికి నీరు ధారగా పోసి దుమ్మును జారవిడువవలెను. పిమ్మట రెండు బకెట్లు కావలెను: ఒకదానిలో బండ్లకై యమ్మెడి సబ్బు కలిపిన నీరు, రెండవదానిలో ఉత్తనీరు. గుడ్డను ఉత్తనీట జాడించిన పిమ్మటనే మరల సబ్బునీట ముంచవలెను. బట్టల సబ్బుపొడి వాడినచో పైనున్న మైనపుపూత ఊడిపోవును. ఎండలో కడుగరాదు. బోరునీరు ఆరినచోటనెల్ల తెల్లని మచ్చలు నిలుచును గనుక, మెత్తని మైక్రోఫైబరు గుడ్డతో వెంటనే తడి నద్దవలెను. మూడు నాలుగు మాసముల కొకసారి మైనము పూసిన చాలును. పక్షిరెట్ట యెండిపోయినచో గోకరాదు. తడిగుడ్డను దానిపై కొంతసేపుంచిన మెత్తబడి వచ్చును.

విజయదశమినాడు పసుపుకుంకుమలు బానెట్టుపై దట్టముగా నలదుట గూడ మా యాచారమే. పసుపు లేతరంగుపై మరక పట్టును. పూజ మానుమని మేము చెప్పము. బొట్టు అద్దముపై నుంచుడని మా అత్తగారిని వేడుకొనగా, రెండేండ్లకు గాని ఆమె సమ్మతింపలేదు.

ఇక లోపలి మాట. ఒక వానకాలమున బండిలో ముక్కవాసన పుట్టెను. మేము అత్తరు చిలుకరించితిమి, కర్పూరపుబిళ్లలు వ్రేలాడదీసితిమి. వాసన తగ్గలేదు. తుదకు రేకుపని చేయు మేస్త్రి తివాచీ నెత్తి చూపగా మా గుండె జల్లుమన్నది. వెనుకసీటు ముందు అడుగురేకు తుప్పుపట్టి, వ్రేలితో నొత్తిన చిల్లి పడుచుండెను. ఆ చోటనే మా చిన్నవాడు కాళ్లు మోపి కూర్చుండెడివాడు. "అమ్మా, మీ బండిని వాన తినలేదు, ఈ తివాచీ తిన్నది" అని మేస్త్రి పలికెను.

అద్దము చుట్టునున్న రబ్బరు పెళుసై నీరు లోనికి జారుచుండెను. తివాచీక్రింది మెత్త దానిని పీల్చుకొనెను. పైని దళసరి రబ్బరు చాప పరచి, ఆరుటకు దారి లేకుండ మేమే మూసితిమి. తలుపుల అడుగున నీరు పోవుటకై యుండెడి రంధ్రములు గూడ మట్టితో పూడిపోయి యుండెను. పాత రేకు కోయించి క్రొత్తది అతికింపవలసి వచ్చెను. పైని మెరుగు మాత్రము ఆనాడును చెక్కుచెదరలేదు!

ఇప్పుడు నెల కొకసారి చాపలను తీసి యెండవేయుదుము. తివాచీ అంచు లెత్తి మెత్తను చేతితో తాకి చూతుము. చీపురుపుల్లతో తలుపు రంధ్రములను శుభ్రపరచుదుము. అద్దపు రబ్బరుపై చెంబెడు నీరు పోసి, ఒకరు లోన కూర్చుండి చూచెదరు. రెక్సిను సీట్లకు కొబ్బరినూనె పూయుట మానితిమి, అది దుమ్మును పట్టియుంచును. తడి పిండిన గుడ్డతో తుడిచి, తలుపులు తెరచి ఆరనిచ్చెదము. మొన్నటి పెద్దవాన వెలిసినంతనే చిన్నవాడే ముందుగా పరుగెత్తి, తివాచీ యెత్తి, "పొడిగానే యున్నదమ్మా" అని కేకవేసెను.