ట్రంకుపెట్టెలో విశ్వవిద్యాలయం

సికింద్రాబాద్‌ నుంచి కాచిగూడ వైపు లోకల్‌ రైల్లో వెళ్తుంటే సీతాఫల్‌మండి తర్వాత ఆర్ట్స్‌ కాలేజ్‌ స్టేషన్‌ వస్తుంది. ఆ తర్వాతది జామై ఉస్మానియా. రోజూ వినే పేరే అయినా, అర్థమేమిటని ఆలోచించేవాళ్లు తక్కువ. ఉర్దూలో 'జామియా' అంటే విశ్వవిద్యాలయం. ఉస్మానియాకు పుట్టినప్పుడు పెట్టిన పేరు 'జామియా ఉస్మానియా'. ఆ తర్వాత బోధనా భాష మారింది, అధికార ముద్ర మారింది, గోడల మీది రాతలు మారాయి. రైల్వేవాళ్ల బోర్డు మీద మాత్రం ఆ పాత పేరు కాస్త యాస మార్చుకుని అలాగే ఉండిపోయింది!

చరిత్ర చాలాసార్లు ఇలాగే మిగులుతుంది... ఎవరూ పనిగట్టుకుని దాచని చోట. స్టేషన్‌ బోర్డు మీద, హాల్లో వేలాడే గ్రూప్‌ ఫొటోలో, అటక మీది ట్రంకుపెట్టెలో.

ఒక ఉత్తరం విలువెంత?

దేశంలోని విశ్వవిద్యాలయాలన్నీ ఇంగ్లిషులో చదువు చెబుతున్న రోజులవి. మన భాషలోనే ఉన్నత విద్య నేర్పాలంటూ అక్బర్‌ హైదరీ నిజాం ప్రభుత్వానికి నివేదిక సమర్పించారు. ఏడో నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీ ఖాన్‌ 1917 ఏప్రిల్‌ 26న ఫర్మానా జారీచేశారు. 1918లో ఉస్మానియా ఏర్పడింది. ఉర్దూలో పాఠ్యపుస్తకాలు లేకపోతే ఎలా? అందుకోసం ఓ అనువాద సంస్థనే పెట్టారు. దాని పేరు దారుల్‌ తర్జుమా. కవి జోష్‌ మలీహాబాదీ సైతం కొంతకాలం అందులో పనిచేశారు.

ఈ ప్రయత్నాన్ని మెచ్చుకుంటూ 1918లో అక్బర్‌ హైదరీకి రవీంద్రనాథ్‌ టాగూర్‌ ఉత్తరం రాశారు. సొంత భాషలో చదువుకునే రోజు కోసం తానూ ఎదురుచూస్తున్నానన్నది దాని సారాంశం. ఫర్మానా చదివితే ఏం జరిగిందో తెలుస్తుంది. ఆ ఉత్తరం చదివితే ఎక్కడో బెంగాల్‌లో ఉన్న మనిషికి ఈ హైదరాబాద్‌ ప్రయోగం ఎంత ముఖ్యమనిపించిందో తెలుస్తుంది. ఒక ఉత్తరం విలువ అదీ!

కానీ నాణేనికి రెండో వైపూ ఉంది. సంస్థానంలో ఎక్కువమంది ఇళ్లలో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. వాళ్ల పిల్లలకు ఉర్దూ కూడా నేర్చుకోవాల్సిన భాషే. ఊళ్లో వీధిబడిలో తెలుగు దిద్దిన కుర్రాడు ఇక్కడికొచ్చి ఉర్దూలో చరిత్ర, రసాయనశాస్త్రం ఎలా చదివాడు? హాస్టల్‌ నుంచి నాన్నకు ఏమని రాశాడు? తెలుగువాళ్లు గర్వపడే కవి సి.నారాయణరెడ్డి బీఏ దాకా ఉర్దూ మాధ్యమంలోనే చదివారు. ఆయన పేరు అందరికీ తెలుసు. ఆయన తరంలోని మిగతా విద్యార్థుల మాటేమిటి? ఆ జవాబు సర్కారు దస్త్రాల్లో దొరకదు. దొరికితే ఇళ్లలోనే దొరకాలి.

ఫొటోను చదవొచ్చు!

మొదట్లో ఉస్మానియాకు సొంత భవనాల్లేవు. గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని అద్దె భవనాల్లో తరగతులు నడిచేవి. అడిక్‌మెట్‌లో ప్రాంగణం కట్టాలనుకున్నాక సయ్యద్‌ అలీ రజా, జైన్‌యార్‌ జంగ్‌లను విదేశీ విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. కైరోలో హీలియోపొలిస్‌ ప్యాలెస్‌ హోటల్‌కు రూపమిచ్చిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్‌ జాస్పర్‌ను రప్పించారు. 1934లో శంకుస్థాపన జరిగింది. గ్రానైట్‌తో కట్టిన ఆర్ట్స్‌ కాలేజ్‌ భవనం 1939 డిసెంబర్‌ 4న ప్రారంభమైంది.

ఈ తేదీలు గుర్తుంటే తాతగారి ఫొటో దానంతటదే మాట్లాడుతుంది. వెనకాల ఆర్ట్స్‌ కాలేజ్‌ మెట్లున్నాయా? అయితే ఆ మెట్లు కట్టాకే తీసి ఉండాలి. అందరూ షేర్వానీల్లో ఉన్నారా, ప్యాంటూ బుష్‌షర్టుల్లోనా? బోర్డు ఉర్దూలో ఉందా, ఇంగ్లిషులోనా? 1948లో పోలీసు చర్య తర్వాత ఉర్దూ స్థానంలో ఇంగ్లిషు బోధనా భాషగా వచ్చింది కాబట్టి అదీ ఓ ఆనవాలే.

ఉత్తరాలూ అంతే. నిజాం సంస్థానం తపాలా బిళ్ల ఉంటే అది 1950కి ముందుది కావచ్చు. 'సన్‌ 1348' అని కనిపిస్తే కంగారుపడకండి. అది ఫసలీ సంవత్సరం. 590 కలపండి... 1938. ఫసలీ ఏడాది అక్టోబర్‌లో మొదలవుతుంది కాబట్టి 1938 చివరో, 1939లోనో రాసిందన్నమాట.

నాగపూర్‌ దాకా...

ఆ 1938వ సంవత్సరమే ఉస్మానియాను కుదిపేసింది. హాస్టళ్లలో వందేమాతరం పాడొద్దన్నారు. విద్యార్థులు వినలేదు. వందలాది మందిని బయటికి పంపేశారు. వాళ్లను ఆదరించి సీట్లిచ్చింది నాగపూర్‌ విశ్వవిద్యాలయం. ఆ ఉద్యమంలో పాల్గొని చదువు కోసం నాగపూర్‌ దారిపట్టినవారిలో తర్వాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి.నరసింహారావు ఒకరు.

ఆ కథ మొత్తం ఒక్కచోట దొరుకుతుందా? వెళ్లగొట్టినవాళ్ల కాగితాలు ఒకచోట, చేర్చుకున్నవాళ్ల రికార్డులు ఇంకోచోట. చదువు ఆగిపోయిందని ఇంటికి రాసుకున్న ఉత్తరాలు మాత్రం ఊరూరా చెదిరిపోయి ఉంటాయి. ఒక విశ్వవిద్యాలయం చరిత్రంటే అదంతా కలిస్తేనే.

మన గడపలోనూ ఉంది

తార్నాకలోని స్టేట్‌ ఆర్కైవ్స్‌లో షాజహాన్‌, ఔరంగజేబుల కాలం నాటి కాగితాలు సైతం భద్రంగా ఉన్నాయి. సీతాఫల్‌మండికి అది కూతవేటు దూరం. కానీ ఏ ఆర్కైవ్స్‌ అయినా తన గడప దాటి వచ్చినవాటినే కాపాడగలదు. సీతాఫల్‌మండి, వారాసిగూడ, నామాలగుండు, చిలకలగూడల్లో ఉస్మానియా విద్యార్థులకు గదులు అద్దెకిచ్చిన ఇళ్లెన్నో. ఆ ఇళ్ల ఆల్బమ్‌లలో, ఇక్కడే స్థిరపడిన ఉద్యోగుల బీరువాల్లో 1969 తెలంగాణ ఉద్యమం నాటి ఫొటోలు, స్నాతకోత్సవం ఆహ్వానాలు, హాస్టల్‌ మెస్‌ రసీదులు ఉండొచ్చు. పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్‌ కట్టే రోజున అవన్నీ కిలోల లెక్కన పాతకాగితాల బండెక్కేస్తాయి.

కాగితం పోవడం ఒక నష్టం. పేరు పోవడం అంతకన్నా పెద్దది. గ్రూప్‌ ఫొటో కింది అట్ట మీద పేర్లు అచ్చువేసేవారు. ఫ్రేమ్‌లో పట్టడం లేదని ఆ అట్ట కత్తిరించేస్తే అంతే! ఇక ఆ ముఖాలను గుర్తుపట్టగలిగేది ఆ తరంవాళ్లే. వాళ్లేమో ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు.

కొత్త ఫొటోలు క్షేమమనుకుంటే పొరపాటే. 2009లో ఉస్మానియా ప్రాంగణం తెలంగాణ ఉద్యమంతో హోరెత్తినప్పుడు తీసిన ఫొటోలు ఎన్ని పాత సెల్‌ఫోన్లలో, తెరుచుకోని సీడీల్లో చిక్కుకుపోయాయో! ట్రంకుపెట్టెలో ఉత్తరం డెబ్భై ఏళ్లున్నా చదవొచ్చు. పాడైన మెమొరీ కార్డు ఏడాదికే మూగబోతుంది.

ఇంట్లోవాటికీ చరిత్రలో చోటుంటుందా అని సందేహం వద్దు. 2010లో అనూషా యాదవ్‌ మొదలుపెట్టిన 'ఇండియన్‌ మెమొరీ ప్రాజెక్ట్‌' కుటుంబాల ఫొటోలతో, వాటి వెనకున్న కథలతోనే దేశ చరిత్రను చెబుతోంది. ఉస్మానియా 2017లో శతాబ్ది ఉత్సవాలు చేసుకుంది. రెండో శతాబ్దిలో దాని కథ రాసేవారికి మన ఇంటి పెట్టె కూడా ఓ ఆధారం కావొచ్చు.

ఇలా దాచండి...

* పేర్లు, ఊరు, ఏడాది ఫొటో వెనక అంచున మెత్తని పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్‌తో రాస్తే ముందువైపు గీతలు తేలతాయి.
* చిరిగిన ఉత్తరానికి సెల్లోటేపు అంటించొద్దు. కొన్నాళ్లకు పచ్చబడి కాగితాన్నీ తినేస్తుంది. పాత ఫొటోలకు లామినేషన్‌ చేయించొద్దు.
* తుప్పు పట్టే గుండుసూదులు, పిన్నులు జాగ్రత్తగా తీసేయండి. ఉత్తరాన్ని మడత విప్పి ఉంచండి. కవరూ పారేయొద్దు, తేదీ ఉండేది దానిమీదే.
* ఎండ తగిలే గోడకు అసలు ఫొటో బదులు నకలు వేలాడదీయండి.
* స్కాన్‌ చేయించి రెండు మూడు చోట్ల దాచండి. స్కాన్‌ అయిపోయిందని అసలుది పారేయొద్దు.
* పెద్దవాళ్లకు ఫొటో చూపించి, వాళ్లు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేయండి.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఆ చివరిదే. మిగతా పనులు వచ్చే నెలకు వాయిదా వేసినా ఫర్వాలేదు. ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక గోడ మీది గ్రూప్‌ ఫొటో దించండి. తాతయ్య ఒళ్లో పెట్టి, పక్కన కూర్చుని, 'ఎడమ నుంచి రెండో ఆయన ఎవరు తాతయ్యా?' అని అడగండి. పెన్సిల్‌ చేతిలో సిద్ధంగా ఉంచుకోండి!