టార్క్ కన్వర్టర్ మారిస్తే ఆటోమేటిక్ కారు పికప్ పెరుగుతుందా? కోనసీమ రోడ్లపై తిరిగేవాళ్లు ముందు ఇది తెలుసుకోండి

అమలాపురం నుంచి రాజోలు వైపు కారులో వెళ్తున్నారు. బోడసకుర్రు బ్రిడ్జి దాటారు. ముందు కొబ్బరికాయల లోడుతో లారీ. ఎదురుగా రోడ్డు ఖాళీగా కనిపించింది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కారు. ఇంజిన్ సౌండ్ పెరిగింది కానీ కారు మాత్రం ఒక్క క్షణం ఆలోచించినట్టు చేసి, ఆ తర్వాతే ముందుకు దూకింది. ఈలోపే ఎదురుగా రొయ్యల వ్యాన్ హెడ్‌లైట్లు!

ఆటోమేటిక్ కారు నడిపే చాలామందికి ఈ అనుభవం ఉంటుంది. 216 నంబర్ జాతీయ రహదారిలో కోనసీమ మీదుగా వెళ్లే భాగం చాలాచోట్ల రెండు లైన్లే. ఓవర్‌టేక్ చేయాలంటే ఎదురు లైన్‌లోకి వెళ్లాల్సిందే. అక్కడ ఒక్క సెకను లేటైనా ప్రమాదమే. అందుకే పికప్ పెంచుకునే దారి ఏదైనా ఉందా అని వెతికేవాళ్లకి ముందుగా వినిపించే మాట 'టార్క్ కన్వర్టర్ అప్‌గ్రేడ్'. అమెరికా డ్రాగ్ రేసింగ్ వీడియోల్లో ఇది బాగా ఫేమస్. మరి మన కార్లకు, మన రోడ్లకు ఇది పనికొస్తుందా? డబ్బులు పెట్టే ముందు అసలు మ్యాటర్ ఏంటో చూద్దాం.

అసలేంటీ టార్క్ కన్వర్టర్?

మాన్యువల్ కారులో ఇంజిన్‌కి, గేర్‌బాక్స్‌కి మధ్య క్లచ్ ఉంటుంది. ఆటోమేటిక్‌లో ఆ పని చేసేదే టార్క్ కన్వర్టర్. చూడటానికి మూత బిగించిన గుండ్రటి స్టీలు గిన్నెలా ఉంటుంది. లోపల నిండా ఆయిల్. దీన్ని ఏటీఎఫ్ అంటారు, అంటే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్.

లోపల మూడు ముఖ్యమైన భాగాలు ఉంటాయి. మొదటిది ఇంపెల్లర్. ఇది ఇంజిన్‌తో పాటే తిరుగుతూ ఆయిల్‌ని విసురుతుంది. రెండోది టర్బైన్. ఆ ఆయిల్ దెబ్బకి తిరుగుతూ గేర్‌బాక్స్‌ని తిప్పుతుంది. ఒక టేబుల్ ఫ్యాన్ ఆన్ చేసి, దాని ఎదురుగా ఆపేసిన ఇంకో ఫ్యాన్ పెడితే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా, సరిగ్గా అలాగే. గాలి బదులు ఇక్కడ ఆయిల్.

అసలు మ్యాజిక్ మూడో భాగంలో ఉంది. దాని పేరు స్టేటర్. టర్బైన్‌ని తాకి వెనక్కి వచ్చే ఆయిల్ అలాగే వదిలేస్తే ఇంపెల్లర్‌కి ఎదురు తగులుతుంది. స్టేటర్ దాన్ని చుక్కానిలా మలుపు తిప్పి, ఇంపెల్లర్‌కి సాయం చేసే దిశలో పంపిస్తుంది. దీంతో కారు కదిలే క్షణంలో ఇంజిన్ ఇచ్చే టార్క్ దాదాపు రెట్టింపై గేర్‌బాక్స్‌కి చేరుతుంది. ఉదాహరణకి ఆ క్షణంలో ఇంజిన్ 150 ఎన్ఎం ఇస్తుంటే, టర్బైన్ దగ్గర సుమారు 300 ఎన్ఎం కనిపిస్తుంది. కారు వేగం అందుకునే కొద్దీ ఈ రెట్టింపు తగ్గుతూ ఒకటికి ఒకటి అవుతుంది. ఆ తర్వాత లాకప్ క్లచ్ పడి, రెండు వైపులనూ కలిపి పట్టేస్తుంది. అప్పుడు జారుడు ఉండదు, మైలేజ్ ఆదా.

ఇది నిన్నమొన్నటి ఐడియా కాదు. జర్మనీ ఇంజినీర్ హెర్మన్ ఫోటింగర్ 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నారు. అది కూడా కార్ల కోసం కాదు, ఓడల కోసం! 1948లో బ్యూక్ డైనాఫ్లోతో ఇది అమెరికా కార్లలోకి వచ్చింది.

ముందు మీ కారులో అది ఉందా?

రెండు పెడల్స్ ఉన్న ప్రతి కారులోనూ టార్క్ కన్వర్టర్ ఉండదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

స్విఫ్ట్, డిజైర్, వ్యాగన్ఆర్, టియాగో లాంటి కార్లలో వచ్చేది ఏఎంటీ. మన దేశంలో 2014లో సెలెరియోతో పాపులర్ అయిన టెక్నాలజీ ఇది. లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్‌ని మనిషి కాలు బదులు మోటారు నొక్కుతుంది. ఇందులో టార్క్ కన్వర్టర్ లేదు కాబట్టి అప్‌గ్రేడ్ మాటే లేదు. డీసీటీలో రెండు క్లచ్‌లు ఉంటాయి. సీవీటీలో బెల్టు, పుల్లీలు ఉంటాయి, కొన్నింటిలో కదలిక కోసం చిన్న టార్క్ కన్వర్టర్ కూడా పెడతారు.

అసలైన టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్స్ అంటే ఫార్చ్యూనర్, స్కార్పియో-ఎన్, ఎక్స్‌యూవీ700, హారియర్, సఫారీ, క్రెటా డీజిల్ ఆటోమేటిక్, బ్రెజా, ఎర్టిగా ఆటోమేటిక్ లాంటివి. వీటిలో 6 స్పీడ్ గేర్‌బాక్స్‌లు వస్తున్నాయి. మీది ఏదో మాన్యువల్ బుక్‌లో ఉంటుంది. ఒకసారి చూసుకోండి.

అప్‌గ్రేడ్ అంటే ఏం చేస్తారు?

ఇక్కడ తెలుసుకోవాల్సిన పదం 'స్టాల్ స్పీడ్'. కారు కదలకుండా ఆపి పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ ఎంత ఆర్‌పీఎం దాకా వెళ్లి ఆగుతుందో అదే స్టాల్ స్పీడ్. మామూలు కార్లలో ఇది సుమారు 1,800 నుంచి 2,400 మధ్య ఉంటుంది. రేసింగ్ వాళ్లు 3,000 దాటే హై స్టాల్ కన్వర్టర్లు బిగిస్తారు. చిన్న సైజు కన్వర్టర్ పెట్టడం, స్టేటర్ రెక్కల కోణం మార్చడం లాంటి పద్ధతుల్లో దీన్ని పెంచుతారు.

లాజిక్ సింపుల్. ఆర్‌పీఎం పెరిగితేనే బలం వచ్చే ఇంజిన్ ఉందనుకోండి. మామూలు కన్వర్టర్ దాన్ని 2,000 దగ్గరే పట్టి ఆపేస్తుంది. హై స్టాల్ కన్వర్టర్ ఇంకాస్త జారనిచ్చి, ఇంజిన్‌ని బలం ఉన్న ఆర్‌పీఎం దాకా వెళ్లనిస్తుంది. ఆగి ఉన్న కారు ఒక్కసారిగా దూకుతుంది.

ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. కన్వర్టర్ మార్చినంత మాత్రాన ఇంజిన్ పవర్ ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగదు. ఉన్న పవర్ ఏ ఆర్‌పీఎం దగ్గర అందుతుందన్నదే మారుతుంది.

మరి మన డీజిల్ కార్లకి?

ఇక్కడే అసలు ట్విస్ట్. క్రెటా 1.5 డీజిల్‌నే తీసుకోండి. దాని గరిష్ఠ టార్క్ 250 ఎన్ఎం. అది 1,500 నుంచి 2,750 ఆర్‌పీఎం మధ్యే వచ్చేస్తుంది. అంటే కంపెనీ ఇచ్చిన మామూలు కన్వర్టర్ ఇంజిన్‌ని ఇప్పటికే సరైన చోట నిలబెడుతోంది. స్టాల్ స్పీడ్ 3,000 దాటిస్తే ఇంజిన్ తన బలమైన రేంజ్ దాటిపోయి అరుస్తుంది తప్ప బండి అంతకంటే బాగా లాగదు. కోనసీమలో ఎక్కువగా తిరిగే పెద్ద డీజిల్ ఎస్‌యూవీలన్నింటికీ దాదాపు ఇదే లెక్క.

పెట్రోల్ కార్లలో కొంత తేడా కనిపించొచ్చు. బ్రెజా 1.5 పెట్రోల్‌కి గరిష్ఠ టార్క్ 4,400 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. కాబట్టి థియరీ ప్రకారం హై స్టాల్‌తో స్టార్టింగ్ చురుగ్గా ఉంటుంది. కానీ దానికి కట్టాల్సిన మూల్యం వేరే ఉంది.

కంపెనీలు ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ విడివిడిగా చూడవు. 2021 ఫార్చ్యూనర్ డీజిల్‌లో మాన్యువల్‌కి 420 ఎన్ఎం, ఆటోమేటిక్‌కి 500 ఎన్ఎం ఇచ్చారు. అదే 2.8 లీటర్ల ఇంజిన్‌ని ఏ గేర్‌బాక్స్‌కి తగ్గట్టు ఆ రకంగా ట్యూన్ చేశారు. మధ్యలో ఒక్క భాగం మార్చేస్తే ఈ లెక్క మొత్తం చెదిరిపోతుంది.

నష్టాలు ఏంటి?

మొదటిది వేడి. కన్వర్టర్‌లో జారుడు అంటే ఆయిల్‌ని చిలకడమే. చిలికిన శక్తి అంతా వేడిగా మారుతుంది. ఏటీఎఫ్ మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల మధ్య పనిచేస్తుంది. అది దాటి ప్రతి 10, 11 డిగ్రీలు పెరిగితే ఆయిల్ ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. రావులపాలెం సెంటర్ ట్రాఫిక్‌లో, మే నెల ఎండలో, ఏసీ వేసుకుని నిలబడే కారుకి ఇది చిన్న విషయం కాదు. అందుకే హై స్టాల్ పెట్టినవాళ్లు అదనంగా ఆయిల్ కూలర్ కూడా బిగించుకోవాలి.

రెండోది మైలేజ్. ట్రాఫిక్‌లో మెల్లగా కదిలేటప్పుడు ప్రతిసారీ ఇంజిన్ ఎక్కువ తిరగాలి. పెట్రోల్ ఖర్చు పెరుగుతుంది.

మూడోది బిగింపు. గేర్‌బాక్స్ మొత్తం కిందికి దించాలి. కొత్త కన్వర్టర్ ఆయిల్ పంపు మీద పూర్తిగా కూర్చోకముందే బోల్టులు బిగిస్తే, ఇంజిన్ స్టార్ట్ చేయగానే పంపు పగిలిపోతుంది. తర్వాత గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి కొత్త సెట్టింగులు నేర్పించాలి. లాకప్ ఎప్పుడు పడాలి, గేరు ఎప్పుడు మారాలి అన్నవి పాత కన్వర్టర్‌ని బట్టి రాసినవి. అవి మార్చకపోతే గేర్లు జెర్క్ ఇస్తాయి.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకి విరుద్ధంగా బండి ప్రాథమిక లక్షణాలను మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేస్తే ఓనర్‌కి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కన్వర్టర్ బయటికి కనిపించదు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఏ మార్పు చేయాలన్నా ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకుండా చేస్తే యాక్సిడెంట్ క్లెయిమ్ సమయంలో చిక్కులు వస్తాయి. వారంటీలో ఉన్న బండి అయితే గేర్‌బాక్స్ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

పికప్ తగ్గిందా? ఉన్న కన్వర్టరే పాడైందేమో!

కొన్నప్పుడు బాగానే ఉండి, ఇప్పుడు పికప్ తగ్గిందా? అయితే మీకు కావాల్సింది అప్‌గ్రేడ్ కాదు, రిపేర్. ఈ లక్షణాలు గమనించండి.

ఆగి ఉన్న చోటు నుంచి నీరసంగా కదిలి, వేగం అందుకున్నాక మామూలుగా ఉంటే స్టేటర్ లోపలి వన్ వే క్లచ్ పట్టు వదిలేసి ఉండొచ్చు.

స్టార్టింగ్ బాగుండి, హైవే మీద వేగం అందుకోక, వేడెక్కుతుంటే అదే క్లచ్ బిగుసుకుపోయి ఉండొచ్చు.

50 నుంచి 80 కిలోమీటర్ల వేగంలో, రంబుల్ స్ట్రిప్స్ మీద వెళ్తున్నట్టు సన్నగా వణికితే లాకప్ క్లచ్ మీద అనుమానం. చాలాసార్లు పాత ఆయిల్ మారిస్తేనే ఇది సర్దుకుంటుంది.

ఏటీఎఫ్ నల్లబడి మాడు వాసన వస్తే లోపల క్లచ్‌లు కాలిపోతున్నట్టే.

బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ కలిపి తొక్కే స్టాల్ టెస్ట్ ఇంటి దగ్గర మాత్రం చేయకండి. ఇంజిన్ పవర్ మొత్తం ఆయిల్‌లో వేడిగా మారిపోతుంది. మెకానిక్‌లు కూడా దాన్ని 5 సెకన్లకు మించి చేయరు.

కోనసీమకి ప్రత్యేకం: వరద నీళ్లు

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాలు, కాజ్‌వేలు మునిగిపోయాయి. వరద వచ్చిన ప్రతిసారీ 'కొంచెం నీళ్లే కదా' అని కాజ్‌వే మీదకి కారు దించేవాళ్లు ఉంటారు. ప్రాణాలకే ముప్పు కాబట్టి ఆ పని అసలు చేయొద్దు.

ఇంటి ముందు పెట్టిన కారే మునిగితే ఇంకో సమస్య. గేర్‌బాక్స్‌కి గాలి ఆడే సన్నని గొట్టం ఉంటుంది. నీళ్లు అందులోంచి లోపలికి వెళ్లగలవు. అప్పుడు ఎర్రటి ఏటీఎఫ్ రోజ్‌మిల్క్ రంగులోకి మారుతుంది. లాకప్ క్లచ్ మీద అతికించిన లైనింగ్ నీటిని పీల్చుకుని ఊడిపోతుంది. కాబట్టి మునిగిన ఆటోమేటిక్ కారుని స్టార్ట్ చేయకండి. తాడు కట్టి లాగకండి. ఇంజిన్ ఆగి ఉంటే ఆయిల్ పంపు కూడా తిరగదు. ఆ స్థితిలో చక్రాలు తిరిగితే గేర్‌బాక్స్‌కి ఆయిల్ అందక అరిగిపోతుంది. ఫ్లాట్‌బెడ్ బండి మీద ఎక్కించి తీసుకెళ్లాలి.

ఓవర్‌టేక్ కోసం పైసా ఖర్చు లేని పని

బోడసకుర్రు దగ్గరి లారీ సంగతికి వద్దాం. అక్కడ వచ్చిన ఆ ఒక్క క్షణం ఆలస్యం ఎందుకు? టాప్ గేర్‌లో వెళ్తున్నప్పుడు లాకప్ పడి ఉంటుంది. ఒక్కసారిగా తొక్కితే గేర్‌బాక్స్ ముందు లాకప్ వదలాలి, తర్వాత ఒకటి రెండు గేర్లు తగ్గించాలి, ఆ తర్వాతే లాగుతుంది. దీన్నే కిక్‌డౌన్ అంటారు. హై స్టాల్ కన్వర్టర్ పెట్టినా గేర్లు తగ్గే టైమ్ మాత్రం ఉండనే ఉంటుంది.

పరిష్కారం మీ చేతిలోనే ఉంది. లారీ వెనక ఉండగానే స్పోర్ట్ మోడ్‌కి మారండి, లేదా మాన్యువల్ మోడ్‌లో ఒక గేరు తగ్గించండి. ఇంజిన్ ముందే రెడీగా ఉంటుంది. రోడ్డు పూర్తిగా కనిపించాకే తొక్కండి, కారు వెంటనే అందుకుంటుంది. దాటేశాక మళ్లీ డీలోకి వేసుకోండి. బ్రిడ్జి అప్రోచ్‌ల దగ్గర, కొత్తపేట వైపు కాలువ గట్టు మలుపుల్లో మాత్రం ఏ గేర్‌లో ఉన్నా ఓవర్‌టేక్ వద్దు.

దీంతో పాటు టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, ఏటీఎఫ్ చెక్ చేయించండి. 'లైఫ్‌టైమ్ ఆయిల్' అని రాసి ఉన్నా, ఎండ, లోడు, ట్రాఫిక్‌లో ఎక్కువ తిరిగే బండికి ఎప్పుడు మార్చాలో సర్వీస్ సెంటర్‌లో అడగండి. కంపెనీ చెప్పిన గ్రేడ్ ఏటీఎఫ్ మాత్రమే వాడాలి.

ఇంజిన్‌ని పూర్తిగా మార్చి, ట్రాక్ మీద మాత్రమే పరిగెత్తించే బండికైతే హై స్టాల్ కన్వర్టర్ మంచి ఆయుధమే. పిల్లల్ని ఎక్కించుకుని అమలాపురం, రాజోలు మధ్య తిరిగే ఫ్యామిలీ కారుకి మాత్రం అది ఖర్చు, వేడి, లీగల్ తలనొప్పి. అక్కడ కావాల్సింది ఒక గేరు ముందే తగ్గించడం, రోడ్డు కనిపించకపోతే లారీ వెనకే ఇంకో నిమిషం ఓపిక పట్టడం.