బండిని ఇరుసునుండి దింపుట

ఈ పూట నేను మాటాడదలచిన విషయము మిక్కిలి చిన్నది. బండి యిరుసో చక్రమో చెడినప్పుడు, దానిపైనున్న తొట్టిని వేరుచేసి, మరమ్మతు ముగియువరకు పదిలముగా నిలిపి, మరల దాని చోట చేర్చుట యెట్లు అన్నదే ఆ విషయము. "ఇదియు రేడియోలో చెప్పవలసిన సంగతియా? నలుగురు పట్టి యెత్తిన లేవదా?" అని కొందరు నవ్వవచ్చును. మా చిన్నాయనయు అట్లే అనుకొనెను. ఆ నలుగురిలో ఆయన యొకడు. ఆనాటినుండి ఆయన కుడిచేతి చూపుడువ్రేలు సగమే మిగిలినది. ఆ కథ తరువాత చెప్పెదను.

ఆదోని నుండి ఎమ్మిగనూరునకు పోవు బాటకు చేరువనున్న పల్లె మాది. అక్కడి నేల నల్లరేగడి, పైరు పత్తి. పత్తి పండినచోట బండి లేక గడవదు. దూదిని త్రొక్కి నింపిన బోరెములను ఆదోని మార్కెట్టుకు తోలవలెను. ఎమ్మిగనూరు మగ్గముల ఊరు. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘము వలన ఆ పేరు దూరదేశములకు ప్రాకినది. పుష్యమాసమున నీలకంఠేశ్వరస్వామి జాతరకు నేను చిన్నతనమున పోయినది బండి మీదనే. ఇట్లు సంవత్సరమంతయు తిరిగిన బండి యిరుసు అరిగిపోదా? పట్టా వదులు గాదా?

ఆ కాలపు బండ్లకు కొయ్యచక్రములు, వాటికి ఇనుపపట్టాలు. తరువాత టైరుబండ్లు వచ్చినవి. గాలి నింపిన రబ్బరు టైరును 1888లో వాడుకకు తెచ్చిన డన్‌లప్ అను నతడు బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడు. తన కుమారుని మూడుచక్రముల సైకిలు కుదుపు తగ్గించుటకై ఆయన చేసిన యుక్తి కడకు మన యెద్దుల మెడలకు సుఖమిచ్చినది. పశువైద్యుడు చేయవలసిన పనియే గదా! నేడు పత్తి చాలవరకు ట్రాక్టరు ట్రాలీల మీదను, లారీల మీదను పోవుచున్నది. కొయ్యబండి గానిండు, టైరుబండి గానిండు, ట్రాలీ గానిండు, కట్టు ఒక్కటే. పైన మోయబడునది, క్రింద మోయునది, నడుమ బోల్టులు. క్రిందిది చెడినప్పుడు పైది యెక్కడ నిలుచును? ఈ ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పుకొనక గడ్డపార పట్టినవాడు ప్రమాదమును పిలుచుకొన్నట్లే.

ఇచట పడవవాండ్ర మాట యొకటి చెప్పవలెను. మన తుంగభద్రలో పుట్టి నడుపువానికి ఈ చిక్కు లేదు. పుట్టిని తలపై బోర్లించుకొని యింటికి పోవును. కాని పెద్ద జలాశయముల కడను, సముద్రతీరములందును మరపడవలను చక్రముల బండ్లపై నెక్కించి లాగుకొని పోవుదురు. ఆ బండికి మరమ్మతు కావలసినప్పుడు వారు పడవను ఎత్తరు. బండిని వెనుకకు నీటిలోనికి త్రోయుదురు. లోతు చాలగనే పడవ తనంతట తేలును, బండి క్రిందనుండి జారి వచ్చును. నీరు పడవ అడుగుభాగమునంతను సమముగా మోయును, ఏమరదు, అలసిపోదు. ఒడ్డుననే దింపవలసి వచ్చినప్పుడు వారును పడవ వెన్నుగట్టె క్రింద మొద్దులు పేర్చి, దాని బరువును వాటి కప్పగించి, పిమ్మటనే బండిని ఈడ్తురు. ఇందు గ్రహింపవలసిన కీలకము ఏమనగా, పైనున్నదానిని వారు లేపుట లేదు, క్రిందనున్నదానిని తప్పించుచున్నారు. మన పల్లెలోని పెద్ద వడ్రంగులును నీరు లేకయే ఈ పనిని చేసెడివారు. అది యెట్లో చెప్పెదను.

మొదట నేలను చూడవలెను. రేగడి నేల నమ్మదగినది కాదు. ఎండలో చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. ఒక్క వాన పడెనా, ముద్దయై కాలు దిగబడును. పైకి గట్టిగా కనబడిన చోటనే జాకీ పెట్టిన, బరువంతయు బెత్తెడు చోట పడి జాకీ యొక ప్రక్కకు ఒరగును. కావున ఊరి బాటయో, గట్టి మొరపనేలయో చూచి బండిని అక్కడికి చేర్చవలెను. తప్పనిసరియై చేని గట్టుననే చేయవలసి వచ్చిన, జాకీ క్రిందను దిమ్మల క్రిందను రెండు మూరల పలకలు పరచవలెను. పలక బరువును పంచును.

తరువాత సరకంతయు దింపుడు. "ఉన్నది నాలుగు బోరెములే గదా" అనవలదు. ఎద్దులను విప్పి దూరముగ కట్టుడు. ఈగ వాలిన ఎద్దు తల విసరును, కాడి కదలును, కాడితో బండియు కదలును. ఎద్దులు లేని బండికి నొగలు పెద్ద శత్రువులు. ఇరుసునకు ముందు ఎనిమిది తొమ్మిది అడుగుల పొడవున సాగియుండు ఆ నొగల కొనను చిన్నపిల్లవాడు తాకినను తొట్టి తలయెత్తును. మీటకోల పొడవైనకొలది కొద్ది బలమే పెద్ద బరువును కదల్చునని బడిలో చెప్పుదురు. ఆ పాఠము మన బండి ముందే యున్నది. కావున నొగల కొనల క్రింద ఊతకఱ్ఱ నిలిపి, గుంజ పాతి, మోకుతో బిగించి కట్టవలెను. చక్రములకు ముందు వెనుకల అడ్డు వేయవలెను. రథోత్సవములలో చక్రముల క్రింద చెక్కలు వేయువారిని చూచియుందురు. వారు పొడవు పిడిగల చెక్కను దూరమునుండియే అందింతురు గాని చేతిని చక్రము క్రిందికి పోనీయరు. మన పనికిని ఆ నేర్పే కావలెను.

ఇక బోల్టులు. చాలమంది తొట్టిని లేపిన పిమ్మట నట్లు విప్పబోవుదురు. త్రుప్పుపట్టిన నట్టు లొంగదు. ఇద్దరు పానాను పట్టి ఊగింతురు. దిమ్మల మీదనున్న బండి ఆ ఊపునకు నిలుచునా? చక్రములు నేలమీద నున్నప్పుడే, ముందు రాత్రి కిరసనాయిలు పోసి నాననిచ్చి, తెల్లవారి ఒక్కొక్క నట్టును సగము చుట్టు వదులు చేయవలెను. పూర్తిగా విప్పరాదు. టైరుబండికి చక్రపు నట్లనుకూడ అప్పుడే వదులు చేసికొనవలెను.

ఇప్పుడు దిమ్మలు. తొట్టి క్రింద పొడవునా సాగు రెండు దూలములే దాని యెముకలు. పలకలు చర్మము వంటివి. దిమ్మలను దూలముల క్రిందనే, ఇరుసునకు ముందు రెండుచోట్ల, వెనుక రెండుచోట్ల పెట్టవలెను. రెండు దిమ్మలు నిలువునను, వాటిపై రెండు అడ్డముగను, మరల రెండు నిలువునను, ఈ విధముగ చదరపు గూడు కట్టుకొని పోవలెను. గూడు ఎత్తు దాని వెడల్పునకు రెండింతలు మించనీయకుడు. రాళ్ళతో ఈ పని కాదా యని అడుగుదురు. మన సీమలో రాతికి కొదువ లేదు, నిజమే. కాని రాయి రాతిపై జారును. ఇటుక హఠాత్తుగ పొడియగును. కొయ్య అట్లు కాదు. బరువెక్కువైన మొదట కిఱ్ఱుమనును, నలుగును, మనిషికి తప్పుకొన వ్యవధి నిచ్చును. మా యూరి వడ్రంగి పాత చింతమొద్దులను పెరటిలో పేర్చి యుంచి, ఎవ్వరడిగినను వంటచెరకునకు ఈయకుండెడివాడు. అందరును పిసినిగొట్టనిరి.

జాకీ లేపుటకే గాని మోయుటకు గాదు. నూనెజాకీ లోపలి తోలు అరిగిన, కనబడకుండ గంటలో అంగుళము దిగును. గూటికిని దూలమునకును నడుమ సందు పోవునంత మాత్రమే జాకీతోనో గడ్డపారతోనో లేపి, లేపిన అంగుళమునకు అంగుళము పలక చొప్పున దోపుచు రావలెను. ఒక ప్రక్క బెత్తెడు, రెండవ ప్రక్క బెత్తెడు, ఇట్లు మార్చి మార్చి లేపవలెను గాని ఒకే ప్రక్క ఎత్తుకొని పోరాదు. బరువు దిమ్మలపై కూర్చున్నదని తోచిన పిమ్మట, ఎవ్వరును క్రిందికి వంగకమునుపు, తొట్టిని ప్రక్కనుండి భుజముతో ఒకమారు నెట్టి చూడుడు. కదలినచో గూడు విప్పి మరల కట్టుడు. సిగ్గుపడవలసినది లేదు.

ఇక పడవవాండ్ర యుక్తి. తొట్టి దిమ్మలపై నిలిచినది గదా, దానిని ఇంకను మూరెడెత్తు లేపనేల? నట్లు పూర్తిగా విప్పి, టైరుబండియైన, టైర్లలోని గాలిని మెల్లగ వదలుడు. తొట్టి నిలిచినచోటనే యుండును. ఇరుసు తానే బెత్తెడు క్రిందికి దిగును. కొయ్యచక్రమైన, చక్రముల క్రింది మన్ను కొద్దికొద్దిగ త్రవ్వుదురు. చక్రము గుంతలోనికి దిగును, దానితో ఇరుసు దిగును. నీరు తీసిన పనిని మన్ను తీసినది. అయితే గుంత అంచునకును దిమ్మలకును రెండు మూరల యెడమైన నుండవలెను. ఎదమున్నచోట దిమ్మ నిలువదు. ఇరుసు క్రింద ఒక చెక్క పరచి, కడసీలలు ఊడదీసి, చక్రములను తప్పించి, ఇరుసును పొడవునే ఒక ప్రక్కకు లాగవలెను. వెనుకకు ఈడ్చిన అది వెనుక దిమ్మలకు తగిలి గూటిని పడద్రోయును. లాగుటకు మోకు వాడుడు. తల, మోకాలు, చేయి ఏదియు తొట్టి నీడలోనికి పోరాదు.

మరమ్మతు కమ్మరి చూచుకొనును. దానిని గూర్చి నాకు చెప్పదగినది లేదు. కష్టమంతయు తిరిగి చేర్చునప్పుడే. లేపునప్పుడు అందరికిని భయముండును. దించునప్పుడు ప్రొద్దు వాలియుండును, ఆకలియుండును, పని అయిపోయినదన్న ధీమా యుండును.

మా యింట జరిగినది అప్పుడే. ఇరుసు చక్రములతో సహా తన చోటికి వచ్చినది. ముందరి దిమ్మలను తొందరపడి తీసివేసిరి. నొగల మోకును గూడ విప్పిరి. తొట్టి ఇరుసుపై త్రాసువలె ఊగుచుండెను. దూలపు రంధ్రము, ఇరుసు రంధ్రము ఒకటికొకటి సరిపడినవో లేదో కనబడలేదు. చిన్నాయన క్రిందికి వంగి చూపుడువ్రేలు రంధ్రములో దూర్చి తడవి చూచుచుండెను. "ఇంకా రవ్వంత ముందుకు జరపండిరా" అని ఆయన అనుచుండగా నొగ కొన మీద ఒక పిల్లవాడెక్కి కూర్చుండెను. తొట్టి అర అంగుళము జరిగినది, అంతే. అరుపు కూడ పెద్దది కాదు. ఆ రాత్రి ఆయనను ఆదోని ఆసుపత్రికి తీసికొని పోవుటకు పొరుగువారి బండి కట్టవలసి వచ్చినది. నొగ మీద కూర్చున్న పిల్లవాడను నేనే. ఆయన నన్ను ఏమియు అనలేదు. పెద్దలు పనిచేయుచోట పిల్లవానిని నిలువనిచ్చినది తన తప్పేనని మా అమ్మతో అన్నాడట.

కావున రంధ్రములు కలిసినవో లేదో చూచుటకు వ్రేలు గాదు, కొన సన్నగిలిన ఇనుపకమ్మి దూర్చవలెను. కమ్మి తెగినను మరియొకటి దొరకును. నాలుగు బోల్టులును చేతితో ఎక్కి నట్లు పట్టువరకు ఒక్క దిమ్మను గూడ తీయరాదు, నొగల మోకు విప్పరాదు. టైరుబండికి గాలి కొట్టినకొలది ఇరుసు తానే లేచి దూలమును తాకును. కొయ్యచక్రమును గడ్డపారతో ఒక్కొక్క ప్రక్క లేపి పలకలు దోపి, గుంతలో మన్ను నింపి దిమ్మిస కొట్టవలెను. అంతయు బిగించిన పిమ్మటనే దిమ్మలను పేర్చిన వరుసకు ఎదురు వరుసలో తీయవలెను. ఒకడే ఆజ్ఞ యీయవలెను. "దించు" అని ఇద్దరు చెప్పుచోట "ఆగు" అను మూడవవాని మాట వినబడదు.

ట్రాక్టరు ట్రాలీల వారికి ఒక్క మాట. తొట్టిని నూనెగొట్టము బలముతో పైకెత్తు ట్రాలీలలో, ఎత్తిన తొట్టి క్రిందకు దూరి మరమ్మతు చేయుట కంటికి సులభముగ కనబడును. ఆ గొట్టము పగిలినను, ఎవరైన తెలియక పిడి కదల్చినను తొట్టి ఒక్కసారి కూలును. క్రిందివానికి కేక వేయుటకు గూడ వ్యవధి యుండదు. గట్టి దుంగనో ఇనుపదూలమునో తొట్టికిని చట్రమునకును నడుమ ఊతముగ నిలుపక లోనికి తల పెట్టకుడు. ట్రాక్టరు తాళపుచెవిని పనిచేయువాడు తన జేబులోనే వేసికొనవలెను.

క్రొత్తగ బిగించిన బోల్టులు మొదటి బరువునకు ఒకింత వదులగును. మొదటిసారి పత్తి వేసికొని ఆదోనికి పోయి సరకు దింపిన వెంటనే, ఎద్దులకు నీళ్ళు పెట్టకమునుపు, పానా తీసికొని నట్లన్నిటిని మరియొకమారు బిగించి చూచుకొనుడు. ఇరుసు కందెనయు అప్పుడే చూడవచ్చును.