నీడ పడ్డ ఫొటోకు టోనర్ ఎందుకు తాగిపిస్తున్నం?

ఆన్‌లైన్ల దరఖాస్తు పెట్టినంక మళ్ల కాగితాలు ఎందుకని మా తుంగతుర్తి దిక్కు పోరగాండ్లు అడుగుతరు. అడగాల్సిన ముచ్చటనే. 2025ల రాజీవ్ యువ వికాసం సూడుండ్రి. దరఖాస్తేమో ఆన్‌లైన్ల, దాని ప్రింటు జిరాక్సులతోని ఎంపీడీవో ఆఫీసుల ఇయ్యమన్నరు. అంతకుముందు ప్రజాపాలన దరఖాస్తులు రాష్ట్రమంత కలిపి కోటీ 25 లక్షలు దాటినయ్. ఒక్కోదానికి రెండే జిరాక్సులు అనుకున్నా రెండున్నర కోట్ల కాగితాలు. 80 జీఎస్ఎం ఏ4 కాగితం ఒక్కటి 5 గ్రాములు తూగుతది. అంటే 125 టన్నులు! ఆఖరికి ఆ వివరాలన్నీ మళ్ల కంప్యూటర్లకే ఎక్కించిండ్రు.

సర్కారు పద్ధతి మారాలె, అది వేరే కొట్లాట. అప్పటిదాక మన జేబుల పైసలు మనమే కాపాడుకోవాలె.

జిరాక్స్ సెంటర్ల నాకు ఎక్కువ కనవడే దుబారా ఏందంటే, వాట్సాప్‌ల పంపిన ఆధార్ ఫొటో. లైటు కింద నిలవడి తీస్తే మన నీడే కార్డు మీద పడ్తది. మన కంటికి అది తెలుపే, ప్రింటర్‌కు మాత్రం బూడిద రంగు. కాగితం నిండా సన్న చుక్కలు కొట్టుకుంట పోతది. టోనర్ డబ్బా మీద ఇన్ని వేల పేజీలు వస్తయని రాసే లెక్క, పేజీల 5 శాతం నలుపు ఉంటేనే. నీడ ఫొటోకు ఆ లెక్క ఎక్కడ ఆగుతది? పైంగ అక్షరాలు కనవడయ్, ఇంకో ప్రింటు కొట్టాలె.

ఫొటో కాదు, స్కాన్ చేయుండ్రి. ఆండ్రాయిడ్ ఫోన్ల గూగుల్ డ్రైవ్‌లనే స్కానర్ ఉంటది. బ్లాక్ అండ్ వైట్ పెడితే ఎనుకంత తెల్లగైతది. ఆధార్ సైటుల పీడీఎఫ్ దించుకుంటే ఇంకా మంచిది. కార్డు రెండు దిక్కులూ ఒక్క కాగితం మీదనే పడేటట్టు కొట్టమనుండ్రి, శానా మిషన్ల 'ఐడీ కాపీ' అని బటన్ ఉంటది. ఇగ ప్రివ్యూ సూడకుంట ప్రింట్ ఒత్తద్దు. ఆఖరి పేజీల ఒక్క లైను కోసం కాగితం పోతది.

2014ల అమెరికాల సువీర్ మిర్చందానీ అనే 14 ఏండ్ల పిలగాడు, గారమండ్ ఫాంట్ వాడితే సర్కారుకు కోట్ల డాలర్లు మిగుల్తయన్నడు. ఫాంట్లు తెలిసినోళ్లు ఒప్పుకోలే. ఆ అక్షరాలే చిన్నగుంటయ్, అందుకే సిరా తక్కువ అన్నరు. అయినా మనకు పనికొచ్చే మాటనే. రామభద్ర అసొంటి లావు ఫాంటు హెడ్డింగుకే పెట్టి, లోపల మండలి అసొంటిది వాడుండ్రి.

ఇంట్ల ఇంకుజెట్ ఉన్నోళ్లు స్విచ్‌బోర్డు కాడ కాదు, ప్రింటర్ బటన్ తోనే ఆపాలె. అప్పుడే హెడ్డు మూత కిందికి పోతది. లేకుంటే ఇంకు ఎండిపోయి, క్లీనింగుకే సగం ఇంకు కారిపోతది.

పాడైన ప్రింట్ల ఎనుక దిక్కు లెక్కలు రాసుకోవచ్చు. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు ఉన్నయి మాత్రం దుకాణంల ఇడిసిపెట్టకుండ్రి. మీ ముందటనే చింపిచ్చుండ్రి. లేకుంటే రేపు సూర్యాపేట బస్టాండ్ కాడ ఎవలో మిర్చి బజ్జీలు వాటిల్నే కట్టిచ్చుకుంటరు.